చూడి పందికి చుట్టిల్లు

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి, శ్రీకూర్మం)

సంచికకు తలా ఒక శాస్త్ర వ్యాసం రాయమని మా జువాలజీ మాస్టారు అడిగినప్పుడు నా తోటివారు జన్యువులనీ, కృష్ణబిలాలనీ పేర్లు ఇచ్చారు. నేను పంది అన్నాను. తరగతి అంతా గొల్లుమన్నది. మాస్టారు మాత్రం నవ్వలేదు. "పంది గురించి ఏమిటోయ్?" అన్నారు. "పంది పురుటింటి గురించండీ" అన్నాను. ఈసారి ఆయన కూడా నవ్వారు, కానీ రాయమన్నారు.

మాది శ్రీకూర్మం. విష్ణుమూర్తి కూర్మావతారానికి గుడి వున్న ఊరు. దశావతారాల్లో దాని తర్వాతిది వరాహం. ఆ స్వామి కూడా మనకు దూరంలో లేడు, సింహాచలంలో వరాహ లక్ష్మీనరసింహుడై కొలువున్నాడు. అయినా మా ఊళ్లో తాబేలుకున్న మర్యాద పందికి లేదు. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు, వచ్చినవాళ్లు వాటికి ఆకుకూరలు పెట్టి దణ్ణం పెట్టుకొని వెళతారు. పంది మాట ఎత్తితే ముక్కు మూసుకొంటారు. పందుల పెంపకం ఫలానా కులం వాళ్ల పని అని గిరి గీసి, ఆ పనిని, ఆ మనుషుల్ని కూడా ఊరి చివరకు నెట్టివేసిన సంగతి మనందరికీ తెలిసిందే. వేరుసెనగ రెండేళ్లు వరసగా దెబ్బతిన్న తర్వాత మా నాన్న రెండు పడ్డ పందుల్ని కొని ఇంటికి తెచ్చినప్పుడు మా నాన్నమ్మ మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అసలు సంగతికి వస్తాను. 2024 జనవరి, సంక్రాంతి సెలవులు. పెద్ద పంది మొదటి ఈత. పాత పశువుల పాకలో ఒక మూల ఇటుక గోడ కట్టి, సిమెంటు గచ్చు చేయించి, పైన రేకు వేయించాడు నాన్న. శుభ్రంగా వుంటుందని గడ్డి కూడా పరచలేదు. రాత్రి పదకొండు గంటలకు ఈనడం మొదలుపెట్టి రెండున్నరకు తొమ్మిది పిల్లలను వేసింది. మేమంతా సంతోషించి పడుకొన్నాము. తెల్లవారి చూస్తే నాలుగే తిరుగుతున్నవి. మూడు తల్లి కింద అణిగి చచ్చినవి. ఒకటి గోడ మూలలో ఇరుక్కొని నలిగింది. ఇంకొకటి ఒంటి మీద గాయమే లేకుండా గచ్చు మీద కట్టెలాగ బిగుసుకొని వుంది.

నాన్న ఏమీ అనలేదు. గోనె తెచ్చి అయిదింటినీ అందులో వేసి జీడితోటలో పాతిపెట్టి వచ్చాడు. ఆ రోజు సాయంత్రం మాత్రం, "నాకింక ఈ పందులొద్దురా. ఆ నాలుగు పిల్లలూ పాలు మానగానే తల్లిని కోతకిచ్చీస్తాను" అన్నాడు. రెండు పందుల్నీ కొన్న డబ్బు అప్పు డబ్బు. అందులో నా కాలేజీ ఫీజు కూడా కలిసి వున్నదని అమ్మ తర్వాత చెప్పింది.

మా మావయ్యకు వెల్డింగు షాపు వుంది. కబురు విని వచ్చాడు. "ఒరే అల్లుడూ, పెద్ద పెద్ద ఫారాలన్నిటా ఇనప బోనులేరా. ఆడపందిని అందులో ఎట్టీసి తలుపేసీడమే. కదల్దు, మెదల్దు. పిల్లలు నలిగే పనే నేదు. ఇనుము డబ్బులిచ్చీండి, కూలి నాకొద్దు" అన్నాడు. ఇనుముకే పద్దెనిమిది వేలు అవుతుందన్నాడు. గుమ్మంలో కూర్చొన్న నాన్నమ్మ అంతవరకూ పందుల మాట విననట్టే వుండి, "పురుటాలిని బోన్లో ఎట్టీడమేట్రా?" అన్నది. అది దయతో అన్నదో, పద్దెనిమిది వేలు విని అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు మాత్రం అక్కడే ప్రశ్న పుట్టింది. బోనూ కాకుండా, ఆ గచ్చు మూలా కాకుండా, మా బోటి చిన్న రైతుకు మూడో దారి ఏదైనా వున్నదా?

ముందుగా ఒక మాట. పందుల్ని అసలు కట్టడి చెయ్యకుండా ఊళ్లో వదిలివేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. వదిలిన పంది తనకు నచ్చిన పొదలో ఈనుకొంటుంది, నిజమే. కానీ మనం ప్రాక్టికల్ రికార్డులో బొమ్మ వేసే టీనియా సోలియం జీవితచక్రాన్ని ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. బయలుకు వెళ్లిన మనుషుల మలం తిన్న పందిలో బద్దెపురుగు పిల్లదశ పెరుగుతుంది. ఆ గుడ్లు మనిషి కడుపులోకే పోతే ఆ తిత్తులు మెదడు దాకా చేరి మూర్ఛ తెప్పిస్తాయి. మెదడువాపు వైరస్సు కూడా పందిలో బాగా వృద్ధి అయి, వరిమళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమల ద్వారా పిల్లలకు చేరుతుంది. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మన దేశంలోనే మొదటిసారిగా ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కనిపించింది. అది మనుషులకు సోకదు గాని, దానికి పందిలో మందు లేదు, తిరిగే మందలో ఆగదు. కాబట్టి పందిని కంచెలో, ఇళ్లకు దూరంగా వుంచవలసిందే. తగాదా అంతా ఆ కంచె లోపల ఎలాంటి ఇల్లు అన్న దాని మీదనే.

ఇంకొక సంగతి మా నాన్న స్నేహితుడు, తరాలుగా పందుల్ని పెంచే కుటుంబం ఆయన, చెప్పేదాకా నాకు తట్టలేదు. "మా నాటు పందులు పిల్లల్ని తొక్కడం చాలా తక్కువ బాబూ" అన్నాడాయన. కారణం బరువు. నాటు పంది చిన్నది, తేలిక, ఈతకు అయిదారు పిల్లలు. మేము కొన్నది సంకరజాతి. లార్జ్ వైట్ యార్క్‌షైర్ అనే ఇంగ్లండు జాతి రక్తం ఎక్కువ. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం వారు ఈ జాతిని మన నాటు పందితో కలిపి సంకరజాతిని రూపొందించారు. ఇలాంటివి త్వరగా పెరుగుతాయి, పిల్లలు ఎక్కువ. కానీ ఒంటి బరువు నూటయాభై కిలోలు. పుట్టిన పిల్ల కిలో పావు కూడా వుండదు. అంటే కొత్త పంది వచ్చింది, పాత అలవాటులో కట్టిన ఇల్లు దానికి చాలలేదు.

ఇప్పుడు బోను సంగతి. ఇది సుమారు ఏడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు వుండే ఇనుప చట్రం. పంది లేచి నిలబడగలదు, పడుకోగలదు, వెనక్కు తిరగలేదు. ఇరుపక్కలా పిల్లలకు చోటు. 1960ల నుంచి పాశ్చాత్య దేశాలలో ఇది బాగా వ్యాపించింది. దీనిని కట్టినవాళ్లు క్రూరులు కారు. పిల్లలు నలిగి చావడం నిజంగానే తగ్గింది, ఒక్క మనిషి వంద పందుల్ని చూసుకోగలిగాడు. వంద పందులున్న చోట ఆ లెక్క లెక్కే. రెండు పందులున్న మా ఇంట్లో మనిషి కొరత లేదు గదా! పైగా 1960 నాటి మన జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను (1)(ఇ) చూడండి. ఏ జంతువునైనా తగుమాత్రం కదలడానికి వీలులేనంత ఇరుకు బోనులో పెట్టడం నేరమని అందులో వున్నది. మావయ్యకు ఇది చదివి వినిపిస్తే, "మన ఊళ్లో పందికి లాయరెవడ్రా?" అన్నాడు.

స్వీడన్ దేశం 1988 నాటి చట్టంతో బోనులో ఈనించే పద్ధతికి స్వస్తి చెప్పింది. స్విట్జర్లాండు పదేళ్లు గడువిచ్చి 2007 నాటికి పూర్తిగా మానివేసింది. ఆ స్విట్జర్లాండులోనే 655 ఫారాల లెక్కలు తీసి బోనులనూ, విడి గదులనూ పోల్చి చూశారు. విడి గదుల్లో నలిగి చచ్చిన పిల్లలు కొంచెం ఎక్కువ, ఇతర కారణాలతో చచ్చినవి కొంచెం తక్కువ. మొత్తం నష్టం రెండింటా దాదాపు సమానం. ఇది చదివిన రోజున నాకు ధైర్యం వచ్చింది. అయితే అక్కడి విడి గది అంటే ఖాళీ గది కాదు, ఆలోచించి కట్టిన గది. మా గచ్చు మూల కూడా విడి గదే, అందులోనే కదా అయిదు పోయినవి!

ఈనే ముందు పంది ఏం చేస్తుంది? ఎడింబరో దగ్గర కొండవాలులో కొన్ని ఫారం పందుల్ని స్వేచ్ఛగా వదిలి స్టోల్బా, వుడ్-గష్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి గమనించారు. స్వీడన్‌లో యెన్సెన్ అనే ఆయన 1980లలో ఇలాగే చూశాడు. తరాలుగా సిమెంటు గచ్చు మీద పెరిగిన జాతులే అవి. అయినా ఈనడానికి ఒకటి రెండు రోజుల ముందు మందను వదిలి దూరంగా పోయి, చెట్టో బండో ఆనుకొని వున్న చోటు వెతికి, ముట్టెతో పల్లం తవ్వి, నోటితో గడ్డి, కొమ్మలు తెచ్చి పేర్చి గూడు కట్టుకొన్నాయి. ఎవరు నేర్పారు? ఈనబోయే ముందు రోజు దాని రక్తంలో ప్రొలాక్టిన్ పెరుగుతుంది, దానితో గూడు కట్టే ఆరాటం పుడుతుంది. గడ్డి లేకపోయినా ఆ ఆరాటం ఆగదు. కాళ్లతో గచ్చును గీకుతుంది, ఇనుప కమ్మిని కొరుకుతుంది. ఆ జనవరి సాయంత్రం మా పంది గోడ ఇటుకల్ని కొరుకుతూ వుంటే ఆకలి అనుకొని తవుడు పెట్టాము. తినలేదు. తడిక సందులోంచి మూతి పెట్టి చీపురు ఒకటి లాక్కొంది. "ఏం తిక్క" అని అమ్మ దాన్ని లాగేసుకొంది. ఇది చదివిన తర్వాత ఆ చీపురు నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఇక పిల్ల సంగతి. ఇక్కడ కొంచెం లెక్క వున్నది, గణితం వాళ్లు సంతోషిస్తారు. తల్లి 150 కిలోలు, పిల్ల 1.2 కిలోలు అనుకొందాం. తల్లి 125 రెట్లు బరువు. 125కు ఘనమూలం 5, కనుక ఆకారం ఒకటే అనుకొంటే తల్లి కొలతలు 5 రెట్లు, చర్మం వైశాల్యం 25 రెట్లు. బరువు 125 రెట్లు, చర్మం 25 రెట్లే. అంటే కిలో ఒంటికి పిల్లకు తల్లి కంటే 5 రెట్లు చర్మం వున్నది. వేడి పోయేది చర్మం గుండానే. పైగా తడిసి పుడుతుంది, వెంట్రుక పలచన, ఒంట్లో కొవ్వు దాదాపు సున్న. కాబట్టి పిల్లకు మొదటి రోజుల్లో 32 నుంచి 34 డిగ్రీల వెచ్చదనం కావాలి. తల్లికేమో 20 డిగ్రీల దగ్గర హాయి. దానికి చెమట పట్టదు, వేడి ఎక్కువైతే మేత మానేస్తుంది, పాలు తగ్గుతాయి. ఒకే కప్పు కింద రెండు వాతావరణాలు కావాలన్న మాట. మా గచ్చు మీద ఆ జనవరి రాత్రి గాయం లేకుండా పోయిన పిల్ల చలికి పోయింది. నలిగిన మూడు కూడా ఒక రకంగా చలికే పోయాయి. వెచ్చదనం కోసం తల్లి పొట్టను ఆనుకొని వున్నవి అవే కదా.

దానికి తోడు పంది మావి గుండా తల్లి రక్తంలోని రక్షక పదార్థాలు పిల్లకు రావు. ముర్రుపాలే ఆధారం. పుట్టిన మొదటి రోజు దాటితే పేగు వాటిని పీల్చుకోవడం మానేస్తుంది. ఆ తర్వాత పాలు చేపేది సుమారు గంటకొకసారి, అదీ ఇరవై సెకన్లు. తల్లి ఇటు పడుకొనేటప్పుడు పిల్లలు దూరంగా వుంటే బతికినట్టు, కానీ దూరంగా వుంటే పాలు దొరకవు. అదీ చిక్కు.

పంది పడుకొనే తీరు చూశారా? ముందు మోకాళ్లు వంచుతుంది, తర్వాత వెనక భాగాన్ని ధబాలున వదిలేస్తుంది. ఆనుకోవడానికి ఏదైనా వుంటే దాని వెంట మెల్లగా జారుతుంది. గోడ నిట్టనిలువుగా వుంటే జారేటప్పుడు గోడకూ వీపుకూ మధ్య పిల్ల చిక్కుతుంది. అందుకే గోడ వెంబడి నేల నుంచి ఎనిమిది, పది అంగుళాల ఎత్తున, గోడకు అంతే ఎడంగా ఒక అడ్డుకర్ర వెయ్యమని పశుపోషణ పుస్తకాలన్నీ చెబుతాయి. పంది కర్రను ఆనుకొంటుంది, పిల్ల కర్ర కింద దూరిపోతుంది. ఇంత చిన్న సంగతి మాకు ముందు ఎవరూ చెప్పలేదు. పందుల్ని అమ్మినవాళ్లు టీకాల గురించి చెప్పారు, మేత గురించి చెప్పారు, దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

సరే, ఏ ఆకారంలో కట్టాలి? ఇంగ్లండులో ఆరుబయట పెంచే పందులకు వంపు తిరిగిన రేకు గూళ్లు పెడతారు. మా ఎండకు ఆ రేకు కింద పంది వుడికిపోతుంది. కెనడాలో గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు 1994లో పంది తిరగడానికి వీలుగా అండాకారపు బోను ఒకటి ప్రకటించారు. ఆ బొమ్మ చూస్తూ వుంటే నాకు మా సముద్రం ఒడ్డు ఊళ్లు కనిపించాయి. మన ఉత్తరాంధ్ర తీరం వెంట చుట్టిల్లు మీరు చూసే వుంటారు. గుండ్రటి మట్టి గోడ, దాని మీద గొడుగులాగ నేలకు దగ్గరగా దిగివచ్చే తాటాకు కప్పు. తుఫాను గాలికి పట్టు దొరకదు, చుట్టూ జారిపోతుంది. లోపల వేసవిలో చల్లన, చలికాలంలో వెచ్చన. తరాలుగా మనుషులు కాపురం చేసిన ఇల్లు. దానిలో మూలలు లేవు. మూల లేకపోతే పిల్ల ఇరుక్కొనేది ఎక్కడ?

కొలతలు ఇలా వేశాను. ఈనే గదికి కప్పు కింద 7 నుంచి 9 చదరపు మీటర్లు వుండాలని మన దేశంలో సిఫారసు. లోపలి వ్యాసం 10 అడుగులైతే వైశాల్యం 78.5 చదరపు అడుగులు, అంటే సుమారు 7.3 చదరపు మీటర్లు. సరిపోయింది. గోడకు 9 అంగుళాల ఎడంలో అడ్డుకర్ర వలయం వేస్తే తల్లికి ఎనిమిదిన్నర అడుగుల వ్యాసం మిగులుతుంది, అయిదడుగుల పొడవు పంది సుఖంగా తిరుగుతుంది. వలయానికీ గోడకూ మధ్య పిల్లలకు దాదాపు 22 చదరపు అడుగులు. కాగితం మీద ఎంత అందంగా వుందో! కట్టేటప్పుడు తెలిసింది, సరుగుడు కర్ర వంగదు. తొమ్మిది రాటలు పాతి తొమ్మిది కర్రలు కట్టాము. వలయం కాస్తా నవభుజి అయింది. కర్ర మధ్య దగ్గర ఎడం తొమ్మిది బదులు పన్నెండు అంగుళాలయింది. పిల్లలకు అదీ మంచిదే అనుకొని వదిలేశాము.

గోడ విషయంలో నాన్న నన్ను కాపాడాడు. నేను పూర్తిగా మట్టి గోడ అన్నాను. "పంది ముట్టి ముందు మట్టి గోడ ఎన్నాళ్లుంటాదిరా?" అన్నాడు. పడిపోయిన పాత ఇంటి ఇటుకలతో రెండున్నర అడుగులు కట్టి, ఆ పైన మట్టి వేశాము. నేల సిమెంటు కాదు, మొరం పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టి గుమ్మం వైపు వాలు పెట్టాము. గుమ్మానికి తొమ్మిది అంగుళాల గడప. తల్లి దాటి బయటికి పోయి పేడ వేసి, నీళ్లు తాగి, బురదలో పొర్లి వస్తుంది, పిల్లలు మొదటి వారం దాటలేవు. పంది అపరిశుభ్రమైన జంతువని అనేవారు ఇది గమనించాలి, చోటు వుంటే అది పడుకొనే చోట పేడ వెయ్యదు. గుమ్మం పడమటికి పెట్టాము, సముద్రపు గాలి నేరుగా కొట్టకుండా. సాయంత్రపు ఎండకు తడిక. శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా వుండడం ప్రసిద్ధమే. ఆ పోలిక నోరు జారి అన్నందుకు నాన్నమ్మ చేత చీవాట్లు తిన్నాను.

లోపల ఒక పక్క పలకలతో పిల్లల గూడు. అడుగున ఎనిమిది అంగుళాల సందు, పిల్లలే దూరగలవు. పైన ఒక బల్బు. కరెంటు పోతే ఇటుకను పొయ్యిలో కాల్చి గోనెలో చుట్టి పెట్టడం అమ్మ పద్ధతి. గూటి మూల ఒక గంప ఎర్రమట్టి. దీనికీ శాస్త్రం వున్నది. పంది పిల్ల సుమారు 50 మిల్లీగ్రాముల ఇనుముతో పుడుతుంది, రోజుకు 7 కావాలి, పాలలో దొరికేది ఒకటే. రోజుకు ఆరు లోటు, ఎనిమిది రోజుల్లో ఖాళీ. గచ్చు మీద పెరిగే పిల్లలు పాలిపోయేది అందుకే. మూడో రోజున ఇనుము ఇంజక్షను ఎలాగూ చేయించాము, మట్టిని మాత్రం అవి ఇష్టంగా తిన్నవి.

కప్పు తాటాకు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా పశువుల పాక కప్పు ఎగిరి పక్కవాళ్ల కళ్లంలో పడింది. ఈసారి వాసాల కొనలు నేలకు మూడడుగుల ఎత్తు దాకా దించి, కొబ్బరి తాళ్లతో మేకులకు బిగించాము. మొత్తం మీద తాటాకు, మొరం, మేకులు, నేసినవాళ్ల కూలి కలిపి బోను ఖరీదులో మూడో వంతు కాలేదు. మా చెమట లెక్క కట్టలేదు, చిన్న రైతు ఎప్పుడూ కట్టడు.

2024 జూలైలో అదే పంది రెండో ఈత. నాలుగు పిల్లల్ని పెంచిన తల్లి గదా, పోయేది ఏముందని నాన్నను బతిమాలి ఆపుకొన్నాము. గడువు నూట పద్నాలుగు రోజులు, మన వాళ్ల లెక్కలో మూడు నెలల మూడు వారాల మూడు రోజులు. ముందు రోజు మధ్యాహ్నం రెండు మోపుల వరిగడ్డి, కొన్ని ఎండు కొబ్బరి కమ్మలు గుమ్మంలో వేశాను. అది వచ్చి వాసన చూసి, ఒక్కొక్క పరకే నోట పట్టి లోపలికి మోసింది. కొబ్బరి కమ్మను కాలితో తొక్కి పట్టి చీల్చింది. మూడు గంటలపాటు అదే పని. నాన్న గట్టు మీద కూర్చొని బీడీ ఆరిపోయిన సంగతి కూడా మరిచి చూస్తున్నాడు. రాత్రి పది పిల్లలు. నేనూ, నాన్నా వంతులవారీగా మూడు రాత్రులు మేలుకొన్నాము, నలిగేవి ఎక్కువగా ఆ మూడు రోజుల్లోనే గనుక. రెండో రాత్రి ఒకటి నలిగింది. అరుపు విని నేను వెళ్లేసరికి ఆలస్యమైంది. ఇంకొకటి పుట్టుకతోనే బలహీనం, నాలుగో రోజు పోయింది. ఎనిమిది నిలిచాయి.

దీంతో చుట్టిల్లు గెలిచిందని నేను అనను. సైన్సు విద్యార్థిని గదా. రెండు ఈతలతో ఏదీ రుజువు కాదు. మొదటిది జనవరి, రెండోది జూలై. మొదటిసారి తల్లికి అనుభవం లేదు, రెండోసారి వున్నది. మొదటిసారి మేము నిద్రపోయాము, రెండోసారి మేలుకొన్నాము. ఎనిమిదిలో ఎన్ని చుట్టింటి పుణ్యం, ఎన్ని మా నిద్ర పుణ్యం అన్నది విడదీయడానికి నా దగ్గర లెక్క లేదు. 2025 జనవరిలో మూడో ఈత అదే చలిలో జరిగింది, పదకొండు పుట్టి తొమ్మిది నిలిచాయి. అది కొంచెం మెరుగైన సాక్ష్యం.

లోపాలు కూడా చెప్పాలి. మట్టి నేలలో ఏలికపాముల గుడ్లు ఏళ్లతరబడి బతుకుతాయి, సున్నం చల్లినంత మాత్రాన చావవు. అందుకే ప్రతి ఈతకూ ముందు పై నాలుగు అంగుళాల మొరం తీసి కొత్తది పోస్తున్నాము. ఈ చాకిరీ సిమెంటు గచ్చుకు లేదు. పొడుగు గడ్డిలో అప్పుడే పుట్టిన పిల్ల కాళ్లు చుట్టుకొంటాయి, ఈనగానే పొడుగు గడ్డి తీసి నరికిన గడ్డి వెయ్యాలి. తాటాకు కింద బల్బు అంటే నిప్పు భయం, దాని చుట్టూ రేకు డబ్బా కట్టాము.

అన్నిటికన్నా మా పొరపాటు ఒకటి 2025 మే నెలలో. రెండో పంది ఈనిక ఎండల్లో పడింది. కాలేజీ లాబ్ నుంచి అడిగి తెచ్చిన థర్మామీటరుతో చూశాను, మధ్యాహ్నం రెండింటికి పాత రేకు పాకలో 41, చుట్టింట్లో 36. అయిదు డిగ్రీలు తక్కువే గాని 36 కూడా ఆ పందికి ఎక్కువే. మోరెత్తి రొప్పుతూ గంటకు పదిసార్లు లేచి పడుకొంటోంది. లేచి పడుకొన్న ప్రతిసారీ పిల్లకు గండమే. ఆ ఈతలో మూడు పోయాయి. మావయ్య అప్పుడు, "బోనులో అయితే లేవకపోను గదా" అన్నాడు. నిజమే, లేవకపోను. రొప్పడం మాత్రం ఆగకపోను. మరునాటి నుంచి కప్పు మీద గోనెలు పరచి నీళ్లు చల్లాము, రోజుకు ముప్పై లీటర్ల తాగునీరు ఎప్పుడూ నిండుగా వుండేట్టు తొట్టి మార్చాము. ఇక మీదట మే నెలలో ఈత పడకుండా పోతును కలిపే రోజు చూసుకోవాలని నాన్న కేలండరు మీద గుర్తు పెట్టాడు.

మావయ్య సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన ఇప్పటికీ బోనే మంచిదంటాడు. కానీ మొన్న దసరాకు వచ్చినప్పుడు మా నవభుజిని చూసి, చెదలు పట్టిన రెండు సరుగుడు కర్రల్ని కాలితో తన్ని, ఏమీ మాట్లాడకుండా టేపు తీసి కొలుచుకొని వెళ్లాడు. వారం తిరక్కుండా పాత నీళ్ల పైపును వంచి, ఎనిమిదిన్నర అడుగుల వ్యాసంలో మూడు ముక్కలుగా వలయం చేసి బండి మీద వేసుకొని తెచ్చాడు. డబ్బులు అడగలేదు. ఈసారి ఎడం చుట్టూ తొమ్మిది అంగుళాలే వచ్చింది. పెద్ద పందికి ఇంకా పదకొండు రోజుల గడువు వున్నది. గడ్డి మోపులు తెచ్చి చావిట్లో వేశాము. అమ్మ చీపురు మాత్రం లోపల దాచుకొంది.